కూతకు ధర కట్టిన వైనం

కోనసీమలో పంచాయతీ చెరువు పాట అందరికీ తెలుసు. డబ్బున్నవాడు పాడుకుంటాడు, ఇంతకు మించి పాడకూడదని ఎవరూ అడ్డుపడరు. కబడ్డీ ఆటగాళ్ల వేలం కూడా అలాంటి స్వేచ్ఛా మార్కెట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు.

మా డెల్టా ఊళ్లలో చెడుగుడు సంక్రాంతి ఆట. కుర్రాడు బాగా ఆడితే ఇంట్లోవాళ్లు ఆశపడేది స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో, పోలీసు ఉద్యోగమో. ప్రభుత్వమే పెద్ద యజమానిగా ఉన్న రోజులవి. పేరు రాకపోయినా నెల జీతం వచ్చేది.

1991 సంస్కరణలతో గాలి మారింది. క్రికెట్ ప్రసారాల గొడవ మీదే 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిమీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ తేల్చింది. మ్యాచ్ అమ్ముకునే సరుకైంది. 2008లో ఐపీఎల్, 2014లో ప్రో కబడ్డీ వచ్చాయి. మొదటి కబడ్డీ వేలంలో రాకేశ్ కుమార్‌కు పలికిన 12.80 లక్షలే అత్యధికం. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు పాడుకుంది.

ఆ అంకె వెనక ఉన్న లెక్క చూడాలి. అప్పుడు లీగ్ నియమం ప్రకారం ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగింది 5 కోట్లే. సగానికి పైగా ఒక్కడికే పోతే మిగతా జట్టంతా 2.395 కోట్లలో సర్దుకోవాలి. పెద్ద ఆటగాడి ధర పెరిగితే కోత పడేది యజమాని జేబుకు కాదు, పక్కనే కూత పెట్టే కుర్రాడికి. ఇది నాకు బాధగా ఉంటుంది.

జట్ల మధ్య పోటీకి లీగే ఇలా హద్దులు పెట్టే పద్ధతి పుట్టింది ప్రైవేటు పోటీని అందరికంటే గట్టిగా సమర్థించే అమెరికాలోనే. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 1936 నుంచి, ఆఖరున నిలిచిన జట్టే కొత్త ఆటగాణ్ని ముందు ఎంచుకుంటుంది. టీవీ హక్కులు కలిసి అమ్ముకోవడానికి 1961లో చట్టమే చేశారు. 1994లో జీతాలకు పరిమితి వచ్చింది. ఇంగ్లండ్ సాకర్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అడుగున ఉన్న మూడు జట్లు కింది లీగ్‌కు దిగిపోతాయి. అమెరికాలో గానీ మన దగ్గర గానీ ఎంత ఓడినా యజమాని స్థానం పదిలమే. మైదానంలో పోటీ, బయట సహకార సంఘం.

తేడా ఒకటుంది. అమెరికాలో ఆ పరిమితి ఆటగాళ్ల సంఘంతో బేరమాడి కుదుర్చుకున్నది, ఆదాయంలో వాళ్లకూ వాటా ఉంది. మన క్రికెట్‌లో 2019లో బీసీసీఐ గుర్తించిన సంఘం మాజీ ఆటగాళ్లది. ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు అందులో చోటు లేదు.