డార్జిలింగు కొండరైలు: బొగ్గు ఇంజను వెనుక ఉన్న చరిత్ర

డార్జిలింగు కొండరైలుకు డీజిలు ఇంజన్లు వచ్చాక కూడా పాత బొగ్గు ఇంజన్లను నడపడం దేనికన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు 1870ల నాటి బియ్యం ధర తెలుసుకోవాలి. 1878లో రైలు సిలిగురి వరకు వచ్చింది గాని, అక్కడి నుంచి పైకి సరుకు చేరాలంటే ఎద్దుబండ్లే దిక్కు. సిలిగురిలో టన్ను 98 రూపాయలు పలికే బియ్యం డార్జిలింగులో 238 రూపాయలు పలికేది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు, అంటే ఆ రైల్వే ప్రధానాధికారి, ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఈ తేడానే ప్రభుత్వానికి చూపించి, ఉన్న బండిబాటను ఆనుకునే రెండడుగుల వెడల్పుతో పట్టాలు వేయడానికి అనుమతి సంపాదించాడు. 1879లో మొదలైన మార్గం 1881 జులైలో డార్జిలింగు చేరింది.

బండిబాట వెంట పోవాలన్న ఆ నిర్ణయమే ఇంజను రూపాన్నీ తేల్చేసింది. బాట ఎన్ని వంకర్లు పోతే పట్టాలూ అన్ని వంకర్లు పోవాలి. ఇంజను పళ్లచక్రం పట్టుకుని ఎక్కేందుకు మధ్యలో వేసే పళ్ల పట్టా ఊతం లేకుండా 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషనుకు ఎక్కాలి. తొలినాటి ఇంజన్లకు అంత సత్తువ లేకపోయింది. 1889లో షార్ప్ స్టీవర్ట్ కంపెనీ 'బి' తరగతి ఇంజను తయారుచేసింది. ఉన్నవి నాలుగే చక్రాలు, నాలుగూ ఇంజను బలంతోనే తిరుగుతాయి. బాయిలరు మీద జీను వేసినట్టు కూర్చున్న నీళ్లతొట్టి బరువు కూడా చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టు చిక్కుతుంది.

వాన పడి పట్టాలు తడిస్తే ఆ పట్టు కూడా చాలదు. అందుకే ఇంజను ముందు దూలం మీద ఇద్దరు మనుషులు చెరోవైపు కూర్చుని, చక్రం జారబోయే చోట పిడికిళ్లతో ఇసుక వదిలేవారు. మరొకరు బొగ్గు పెళ్లలు పగలగొట్టి ఫైర్‌మన్‌కు అందించేవారు. ఇంత చిన్న యంత్రాన్ని కొండెక్కించడానికి ఇన్ని చేతులు పడ్డాయన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిగా కనిపిస్తుంది.

1911 ప్రాంతంలో ఇంతకన్నా శక్తిగల గారట్ ఇంజను ఒకటి తెప్పించినా, అది ఒంటరిగానే మిగిలింది. 'బి' తరగతివి మాత్రం మొత్తం 34 తయారయ్యాయి, వాటిలో మూడు ఈ రైల్వే సొంత తిన్‌ధరియా వర్క్‌షాపులోనే. 1999లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడు ఆవిరి బండ్లు ఎక్కువగా డార్జిలింగు, ఘూమ్ మధ్యనే పర్యాటకుల కోసం నడుస్తున్నాయి. వీటిని బొగ్గు ఖర్చుతో మాత్రమే తూచడం న్యాయం కాదు. ఈ ఇంజను ఆగిపోతే బాయిలరు మరమ్మతు, విడిభాగాల తయారీ, తడి పట్టాల మీద బండి నడపడం తెలిసిన చేతులకూ పని ఉండదు.