మాను చాటు మాను: లేజర్‌కి కనపడని అడవి

ఉదయగిరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "డ్రోన్‌కి లేజర్ కట్టి వెలిగొండల మీద ఎగరేస్తే చెట్లన్నీ కొలిచేయొచ్చు కదండీ? ఇంకా టేపు పట్టుకుని తిరగడమెందుకు?"

ఎంత మంచి ప్రశ్న! లేజర్ దూరాన్ని కాలంతో కొలుస్తుంది. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పోయి తిరిగి రావాలి కాబట్టి, నానోసెకను తేడా వస్తే 15 సెంటీమీటర్ల దూరం. ఈ పనిలో యంత్రం గట్టిదే. చిక్కంతా నీడతోనే.

స్టాండు మీద, చుట్టూ కిరణాలు పంపే లేజర్ స్కానర్ పెట్టారనుకోండి. 5 మీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల మందం మాను ఉంది. లాంతరు ముందు చెయ్యి పెడితే గోడ మీద పెద్ద నీడ పడుతుందే, ఇదీ అంతే. 10 మీటర్ల దగ్గర నీడ వెడల్పు 40 సెంటీమీటర్లు, 20 దగ్గర 80, 40 దగ్గర 160. ఆ నీడలో నిలబడ్డ చెట్టు స్కానర్ లెక్కలో లేనే లేదు. పదో తరగతి సరూప త్రిభుజాలే ఇవి. పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లి వేపచెట్టు నీడ కొలిపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు, కానీ మనం బోర్డు మీదే కానిచ్చేస్తాం.

స్కానర్‌ని జరిపి మళ్లీ తీస్తే నీడ తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఈలోగా గాలికి కొమ్మ కదిలితే, రెండు స్కాన్లూ కలిపినప్పుడు ఒక కొమ్మ రెండవుతుంది. కిరణం తగిలిన ప్రతిచోటా స్కానర్ ఒక చుక్క నమోదు చేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ చుక్కలూ పలచబడతాయి. 0.04 డిగ్రీలకో కిరణం పంపితే చుక్కల మధ్య ఎడం 10 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దగ్గర 35. వేలెడు మందం కొమ్మ మీద ఒక్క చుక్క పడితే దాని మందం ఎలా తేల్చేది?

డ్రోన్ నుంచైతే నీడ కిందికి పడుతుంది. కొమ్మల గొడుగు బాగా కనపడుతుంది గానీ, మన అడవి లెక్కల్లో చుట్టుకొలత తీసేది నేలకు 1.37 మీటర్ల ఎత్తున. ఆకుల్నీ పొదల్నీ దాటి అక్కడికి చేరే కిరణాలు తక్కువ. ఎర్రచందనం ఆకు రాల్చే చెట్టు కాబట్టి, మోడువారిన రోజుల్లో ఎగరేస్తే కొంత నయం. అంతరిక్ష కేంద్రం మీద నుంచి అడవుల ఎత్తు కొలిచే నాసా వారి జెడీ (GEDI) లేజర్‌ది ఇంకో తంటా. దాని ఒక్కో వెలుగు మచ్చ 25 మీటర్ల వెడల్పు. 20 డిగ్రీల వాలులో ఆ మచ్చలోనే నేల 9 మీటర్లు దిగిపోతుంది, నేలకు తగిలి తిరిగొచ్చే వెలుగూ చెట్టుకు తగిలి వచ్చేదీ కలిసిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద నీడ బెరడు లోపల ఉంది. ఎర్రచందనం విలువంతా చేవలో, అంటే మాను నడిమి గట్టి చెక్కలో ఉంటే, కిరణం బెరడు దగ్గరే ఆగిపోతుంది. లేజర్ ఘనపరిమాణం చెబుతుంది, బరువు చెప్పదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవారినడగండి, ఒకే సైజు ముక్కలైనా చెట్టును బట్టి బరువు మారుతుందంటారు. అడవిలో కార్బన్ లెక్క కట్టాలంటే ఆ బరువే కావాలి.

చింతచెట్టు తొర్రలో దయ్యముందని చిన్నప్పుడు మమ్మల్ని భయపెట్టేవాళ్లు. అక్కడున్నది చెక్క లేని ఖాళీ. లేజర్ ఆ ఖాళీని కూడా చెక్కగానే లెక్కేస్తుంది, టేపూ అంతే. మానును గొడ్డలి మడమతో తట్టి, డొల్లగా మోగుతుందేమో చెవి పెట్టి వినాలి.