అయ్యగారి చేతిలో ఏముంది? దీవెనపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పేరున్న దైవసేవకుడు తలమీద చెయ్యి పెడితే దీవెన గట్టిగా తగులుతుంది.

వాస్తవం: బైబిల్లో సంఖ్యాకాండము 6:24-26లో యాజకుడైన అహరోను పలకాల్సిన దీవెన హెబ్రీలో మూడు వరుసలు. 3, 5, 7 మాటలు, మొత్తం 15. మూడింటిలోనూ కర్త యెహోవాయే. 27వ వచనంలో ఆ సంగతి తేలిపోతుంది: యాజకులు ఆయన నామం ఉచ్చరిస్తారు, ఆశీర్వదించేది ఆయన. పలికే నోరు మారినంత మాత్రాన దీవెన పెరగదు, తరగదు. పైగా జనమంతటికీ చెబుతూ కూడా అక్కడ "మిమ్మును" అనలేదు, "నిన్ను" అన్నారు. వెనక చాపమీద చంటిబిడ్డతో కూర్చున్న తల్లికీ అది విడిగా అందే మాటే.

ఈ మాటలు గీసిన రెండు చిన్న వెండి రేకులు 1979లో యెరూషలేములోని కేతెఫ్ హిన్నోము సమాధుల్లో బయటపడ్డాయి. చుట్ట విప్పితే పెద్దది 10 సెంటీమీటర్లు కూడా లేదు. ఒంటిమీద కట్టుకునేవారని పరిశోధకుల అభిప్రాయం. దీవెనను తాయెత్తు చేసుకోవడం మనతో మొదలైంది కాదన్నమాట!

అపోహ: ఆరాధన చివర చెప్పే ఆఖరు దీవెన అంటే ముగింపు ప్రార్థనే.

వాస్తవం: ప్రార్థన దేవుడితో మాట, దీవెన మనుషులతో మాట. "ప్రభువా, వీరిని దీవించు" అంటే ప్రార్థన. "మీకందరికి తోడై యుండును గాక" (2 కొరింథీ 13:14) అంటే దీవెన. రెండూ కలిపేసి, ప్రసంగంలో మిగిలిన పాయింట్లు కూడా అందులోనే దూర్చడం తరచూ జరిగే తప్పు. కళ్లు తెరిచి, జనంవైపు చూస్తూ, వచనం ఉన్నంతే పలికి ఆగాలి. ఆమేన్ జనం చెప్పాలి. మైకులో మీరే అనేయకండి.

అపోహ: డిసెంబరు 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసిన చీటీ) వచ్చే ఏడాదికి గ్యారంటీ.

వాస్తవం: కార్డుల్లో తరచూ వచ్చే యిర్మీయా 29:11నే తీసుకోండి. దాని పైవచనంలోనే బబులోనులో 70 ఏళ్లు అని ఉంది. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. అది విన్న నడివయసువాళ్లకు తిరుగు ప్రయాణం ఎక్కడిది? అందుకే అంతకుముందే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోరండి అని రాశాడు. కార్డు పారేయక్కర్లేదు. పైన పది, కింద పది వచనాలు చదివి, ఎవరికి, ఎప్పుడు చెప్పిన మాటో కార్డు వెనక రాసుకోండి.

అపోహ: వీసా, స్థలం, ప్రమోషన్ వస్తే దీవెన, కష్టమొస్తే శాపం.

వాస్తవం: పంటలు, పశువులు ద్వితీయోపదేశకాండము 28లో ఉన్నమాట నిజమే. కానీ మత్తయి 5లో ధన్యుల వరుసలో దుఃఖపడేవారు, హింసింపబడేవారు కూడా ఉన్నారు. కానుక రేటును బట్టి దీవెన అనేవాళ్లకు ఈ అధ్యాయం ఎందుకో గుర్తుండదు.

అపోహ: దీవించడం పాస్టర్ల పని.

వాస్తవం: "హింసించువారిని దీవించుడి" (రోమా 12:14) అన్నది సంఘమంతటికీ. ఇంట్లో మొదలుపెట్టాలంటే, పడుకునే ముందు బిడ్డ తలమీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, అహరోను దీవెన మూడు వరుసలూ చెప్పండి. అర నిమిషం పని. చివర "బుద్ధిగా చదువుకో" అని తగిలించకండి. ఇంకోటి, నిద్రపోయాక కాదు, వింటున్నప్పుడే చెప్పండి.