ఒంటి తత్వమా, బోరు నీళ్లా?

మా తాతయ్యను వెనక నుంచి పిలిస్తే తల తిప్పి చూసేవాడు కాదు, మనిషి మొత్తం తిరిగేవాడు. మెడ తిరగదు, నడుం వంగదు. చేతులు భుజాల పైకి లేవక చొక్కా కూడా ఎవరో ఒకరు తొడగాల్సిందే. మాది పొదిలి దగ్గర పల్లె. ఆయన తమ్ముడు, మా చిన్నతాతయ్య, అదే ఇంట్లో పుట్టాడు. మొదట అదే చేదబావి నీళ్లు, తర్వాత అదే బోరింగు నీళ్లు తాగాడు. పళ్లు గారపట్టాయి కానీ ఎనభై దాటాక కూడా సైకిల్ తొక్కాడు. "మా మరిదిది గట్టి ఒంటి తత్వంలే" అనేది నాయనమ్మ. ఊళ్లో అందరి మాటా అదే.

ఆ ఒంటి తత్వం అంటే ఏమిటో తెలుసుకోవాలని నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను.

తాతయ్యది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించి పళ్లను గారపట్టించి, ఎముకలను బిగించేసే జబ్బు. మన ప్రాంతానికి ఈ జబ్బుతో పెద్ద చరిత్రే ఉంది. 1930లలో ముందుగా గమనించింది రైతులు. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. ఆ తర్వాత మనుషుల్లోనూ అదే కనబడింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 'నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్' గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి నివేదిక అదే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో విడిపోయాయి. ఆ ముగ్గురిలో సి.జి. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ అయ్యారు. దేశం మొత్తానికి ఈ జబ్బును చూపించింది మన బావులేనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఫ్లోరైడ్ ఎవరో తెచ్చి కలిపింది కాదు, రాతిలోదే. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంది. వానలు తక్కువ కావడంతో, పగుళ్లలోకి దిగిన నీరు ఏళ్ల తరబడి ఆ రాతినే ఒరుసుకుంటూ ఉండిపోతుంది. నీళ్లలో కాల్షియం సరిపడా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచేది. కానీ మన నేలల్లో ఆ కాల్షియం సున్నపు గుళ్లుగా గట్టిపడి నీటిలోంచి తప్పుకుంటుంది. దాంతో ఫ్లోరైడ్‌కు అడ్డు లేకుండా పోతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై చిక్కబడుతుంది.

లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రామే. వేరే గతి లేనప్పుడు మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఒంట్లో నిలిచిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం చేరేది ఎముకల్లోకి, పళ్లలోకి. ఎముక గట్టిపడ్డట్టే ఉంటుంది కానీ పెళుసు. కీళ్లు, కండరాలు సాఫీగా కదలాల్సిన చోట కూడా ఎముక పెరుగుతుంది. వెన్నుపూసల మధ్య కట్లు గట్టిపడి వెన్ను మొత్తం ఒకే కర్రలా అయిపోతుంది. డాక్టర్లు ఊళ్లలో చేయించే పరీక్షలు మూడే మూడు: గడ్డం ఛాతీకి ఆనించమంటారు, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమంటారు, రెండు చేతులూ తల వెనక పెట్టుకోమంటారు. మా తాతయ్యకు మూడూ చేతకాలేదు. చిన్నతాతయ్య మూడూ చేసి చూపించాడు.

మరి ఇద్దరి మధ్య తేడా ఎక్కడుంది? ముందుగా లెక్క చూడాలి. తాతయ్య అరక దున్నిన మనిషి, ఎండాకాలంలో కుండ ఖాళీ చేసేవాడు. చిన్నతాతయ్యది నీడపట్టున అంగడి. బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు ఆరు లీటర్లు తాగిన వాడి ఒంట్లోకి 24 మిల్లీగ్రాములు పోతాయి, రెండున్నర లీటర్లు తాగిన వాడికి 10. ఒకే బోరు అయినా మోతాదు రెండింతలకు పైనే. పైగా లోపలికి పోయినదాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. పెద్దవాళ్లలో సుమారు సగం మూత్రంలో పోతుంది. ఎదిగే పిల్లల ఎముక మాత్రం ఎక్కువ పట్టేసుకుంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో బయటికి పోయేది ఇంకా తగ్గుతుంది.

తిండి కూడా లెక్కలోకి వస్తుంది. పాలు, పెరుగులోని కాల్షియం పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. మగపిల్లలకు 18 రోజులపాటు రోజూ 10 గ్రాముల చింతపండు పెడితే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చారు, పులుసు లేనిదే ముద్ద దిగని మనకు ఇది ఇంపైన వార్తే. అయితే అది కొద్దిమంది పిల్లల మీద, కొద్ది రోజుల పాటు చేసిన పరిశీలన. దాన్ని నమ్ముకుని చెడ్డ నీళ్లు తాగొచ్చని మాత్రం కాదు.

ఇవన్నీ తీసేశాక కూడా కొంత తేడా మిగులుతుంది. నాయనమ్మ అన్న ఒంటి తత్వం అక్కడుంది. 2002లోనే అమెరికాలో 12 వంశాల చిట్టెలుకలకు ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు పట్టారు. ఒక్కో వంశంలోని ఎలుకలకు కవలల్లాగా జన్యువులు ఒకటే. నీళ్లు ఒకటే, మేత ఒకటే. అయినా ఏ/జె అనే వంశం పళ్లు బాగా పాడయ్యాయి, 129పి3/జె వంశం పళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. రెండోది ఫ్లోరైడ్‌ను గబగబా బయటికి పంపేస్తుందేమో అనిపిస్తుంది. 2009లో చూస్తే వ్యవహారం తిరగబడింది. ఆ గట్టి వంశమే మూత్రంలో తక్కువ పంపి, రక్తంలో, ఎముకల్లో ఎక్కువ దాచుకుంటోంది! అంటే వాటి రక్షణ బయటికి పంపడంలో లేదు. పంటి పింగాణీని కట్టే కణాలు ఫ్లోరైడ్‌కు ఎలా స్పందిస్తాయన్న దానిలో ఉండాలి. నన్ను బాగా ఆలోచింపజేసిన ఫలితం ఇదే. పళ్లు మంచిగా ఉన్నాయి కాబట్టి ఒంట్లో ఫ్లోరైడ్ లేదని అనుకోవడానికి వీల్లేదు.

ఇక మనుషుల సంగతి. 2008లో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో పిల్లల మీద చేసిన పరిశోధన వచ్చింది. ఎముకకు, పంటికి కావలసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారీకి COL1A2 అనే జన్యువు ఉంది. దానిలో ఒక రకం తేడా ఉన్న పిల్లలకు గారపళ్లు వచ్చే ముప్పు ఎక్కువని తేలింది. అయితే ఆ సంబంధం కనబడింది ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ల పిల్లలను తమలో తాము పోల్చినప్పుడే. నీళ్లు మంచివైన ఊళ్ల పిల్లలతో పోల్చినప్పుడు ఆ సంబంధం కనబడలేదు. ఆ తర్వాత మరికొన్ని జన్యువుల మీద కూడా పరిశోధనలు వచ్చాయి. చాలావరకు చిన్నవి, ఒకచోట తేలింది మరోచోట తేలలేదు. అందుకే "మీకు ఫ్లోరోసిస్ వస్తుందా రాదా" అని రక్తం తీసి చెప్పే పరీక్ష ఏదైనా ఉందని ఎవరన్నా నమ్మకండి.

హెనాన్ ఫలితం చదివాక నాయనమ్మ మాటకు నా మనసులో అర్థం మారిపోయింది. జన్యువు నోరు విప్పేది నీళ్లు చెడ్డవైనప్పుడే. మా ఊళ్లో మాత్రం "నా ఒంటి తత్వం ఇంతే" అని మంచాన పడ్డవాళ్లు తమ ఒంటినే తిట్టుకున్నారు, బోరును ఎవరూ తిట్టలేదు.

పిల్లల విషయంలో మరో కబురు ఉంది, టెన్షన్ పెట్టేదే. 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గుదలకూ సంబంధం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024 ఆగస్టులో తేల్చింది. తమ నమ్మకం మధ్యస్థం అని కూడా వాళ్లే రాశారు. పళ్లు పుచ్చకుండా అక్కడ చాలా ఊళ్ల కుళాయి నీళ్లలో కలిపేది 0.7 మాత్రమే, ఆ మోతాదు గురించి ఏమీ తేల్చలేమన్నారు. మన పడమటి పల్లెల్లో బోర్లు మాత్రం 1.5 దాటినవే ఎన్నో.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లాను. ఇప్పుడు ఇంటింటికీ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు వస్తున్నాయి. ఆర్వో యంత్రం సరిగా పనిచేస్తే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. వంటింట్లోకి వెళ్లి చూస్తే, మా వదిన తాగడానికి క్యాన్ నీళ్లు వంచుతోంది, అన్నానికి ఎసరు మాత్రం బోరు నీళ్లతో పెడుతోంది. "తాగేవి మంచివైతే చాలు గదా అబ్బాయ్, ఇవి ఎట్టాగూ కాగుతాయి" అంది. బియ్యం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటాయని, కాగితే ఫ్లోరైడ్ ఎటూ పోదని చెప్పాను. పొయ్యి మీద గిన్నె దించి, ఎసరు పారబోసి, క్యాన్ వంచింది.

వాళ్ల పాపకు నాలుగేళ్లు. ఇంకా పాలపళ్లే. అసలు పళ్ల పింగాణీ చిగుళ్ల కింద ఇప్పుడే తయారవుతోంది, ఎనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు అన్నీ పూర్తవుతాయి.