మీరు వదిలేసి వెళ్లిన నాలుగు రాళ్లు

కృష్ణలంక,
విజయవాడ.

చి. బుజ్జికి, చి. చిన్నోడికి,

అమ్మమ్మ దీవించి రాసేది. మేమిక్కడ క్షేమం. మీరు, అమ్మానాన్నలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ కింద ఇసుకలో ఏరుకొచ్చిన రాళ్లను హార్లిక్స్ సీసాలో వేసి, వంటింటి కిటికీలో పెట్టి మరిచిపోయారు. నిన్న కిటికీ తుడుస్తుంటే కనపడ్డాయి. రైలెక్కే హడావిడిలో చిన్నోడు అడిగిన మాట కూడా గుర్తొచ్చింది. "అమ్మమ్మా, అన్నీ ఒక్క చోటే దొరికాయి కదా, మరి ఒక్కో రాయి ఒక్కో రకంగా ఎందుకుంది?" అని అడిగాడు. తర్వాత చెప్తాలే అన్నాను. గుంటూరు కాలేజీలో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం చెప్పినదాన్ని, ఆ ప్రశ్నను అలా వదిలేసి ఉండకూడదు. అందుకే ఈ ఉత్తరం. మీ ఫ్రెండ్స్‌కి కూడా చదివి వినిపించండి.

నాలుగు రాళ్లూ ఇప్పుడు నా ముందున్న స్టీలు పళ్లెంలో ఉన్నాయి. పేర్ల సంగతి తర్వాత. ముందు కళ్లు మూసుకుని వేలితో తడమాలి. రెండు రాళ్లు కోడిగుడ్డులా నున్నగా ఉన్నాయి. ఒకటి అప్పచ్చిలా పలచగా ఉంది. ఇంకొకటి మూలలు తేలి చేతికి గుచ్చుకుంటోంది. నదిలో దొర్లే రాయి పక్క రాళ్లకు కొట్టుకుంటూ వస్తుంది, ముందుగా అరిగేది మూలలే. కాబట్టి నున్నటి రాయి చాలా దూరం నుంచి వచ్చింది, గుచ్చుకునే రాయి దగ్గరిది. ఏ రాయో తెలియకముందే అది ఎంత ప్రయాణం చేసిందో మీ వేలికి తెలిసిపోయింది.

గుచ్చుకునేదాన్నే ముందు తీసుకుంటాను. ఇటుక రంగులో ఉండి, మధ్యమధ్య దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలున్న రాయి అది. బుజ్జి దాన్ని చూసి "కెంపులేమో!" అంది, గుర్తుందా? అవి కెంపులు కావు, గార్నెట్ అనే ఖనిజం. ఆ రాయిని ఖోండలైట్ అంటారు. ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. అది ఎక్కడి నుంచో రాలేదు, మన ఇంద్రకీలాద్రి లాంటి కొండల రాయే. మీరు దుర్గమ్మ గుడికి మెట్లెక్కేటప్పుడు పక్కన కనపడే బండ అదే.

ఇప్పుడు మీరు నమ్మలేని మాట చెబుతాను. ఆ కొండ ఒకప్పుడు బురద. సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి. అది ఇరవై కిలోమీటర్లకు మించిన లోతుకు కూరుకుపోయి, ఎనిమిది వందల డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, మళ్లీ పైకి వచ్చింది. ఆ లోతులో, ఆ వేడిలో, ఆ బరువు కింద పుట్టినవే ఆ ఎర్ర చుక్కలు. రాయి ఎంత లోతుకు వెళ్లొచ్చిందో వాటిని పరీక్షిస్తే తెలుస్తుంది. ఇదంతా జరిగి వంద కోట్ల ఏళ్లకు పైనే అయింది. ఆ లెక్క ఎలా కట్టారంటే, ఇలాంటి రాళ్లలో జిర్కాన్ అనే ఇసుక రేణువంత ఖనిజం ఉంటుంది. అందులో చిక్కుకున్న యురేనియం ఒక లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా సీసంగా మారిపోతుంటుంది. ఎంత మారిందో కొలిస్తే ఎంత కాలమైందో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఇలాంటి రాళ్లే, ఇంచుమించు మన తూర్పు కనుమల వయసువే, అంటార్కిటికా తూర్పు తీరంలో మంచు కింద ఉన్నాయి. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఆ నేలా మన నేలా అతుక్కునే ఉండేవి. తర్వాత చీలాయి. ఆ చీలికలో ఏర్పడిన పల్లమే కృష్ణా-గోదావరి బేసిన్. అందులో నూనె, గ్యాస్ దొరకడం మీరు వార్తల్లో వినే ఉంటారు. దుర్గమ్మ కొండకు అంటార్కిటికాలో చుట్టముందని మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అప్పచ్చి రాయి నాపరాయి. మన పెరట్లో బట్టలుతికే బండ కూడా అదే. పల్నాడు అంతటా దొరుకుతుంది. మాచర్ల, దాచేపల్లి, జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. ఇది సున్నపు రాయి, పాత సముద్రంలో పొర మీద పొరగా పేరుకుంది. అందుకే పలకలు పలకలుగా విడుతుంది. మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నటి బుడగలు వస్తాయి. అమరావతి స్తూపం మీద శిల్పులు చెక్కింది ఈ పల్నాటి రాతి మీదే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూసిన తర్వాత లోకానికి దాని సంగతి తెలిసింది. ఆ ఫలకాలు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనవాళ్లు చెక్కిన రాయిని చూడటానికి మనం అంత దూరం వెళ్లాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

నున్నటివాటిలో తెల్లగా, గట్టిగా ఉన్నది నల్లమల వైపు కొండలది. పాత ఇసుక గట్టిపడి అయిన రాయి. దాన్ని మేకుతో గీకితే గీత పడదు, మేకే అరుగుతుంది.

నాలుగోది నాకు ఎక్కువ ఇష్టం. లైటుకు అడ్డం పెడితే తేనె రంగులో వెలుగుతుంది, లోపల ఉల్లిపాయ పొరల్లాంటి చారలు కనిపిస్తాయి. దాన్ని అగేట్ అంటారు. దాని ఊరు చెప్పాలంటే కృష్ణమ్మ పుట్టింటి దాకా వెళ్లాలి. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర, సముద్ర మట్టానికి 1,300 మీటర్ల పైచిలుకు ఎత్తున కృష్ణ పుట్టింది. అక్కడి కొండలన్నీ దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి ఉబికిన లావా. చల్లారి నల్లరాయిగా మారింది, దాన్ని బసాల్ట్ అంటారు. లావా చల్లారేటప్పుడు లోపలి గాలి బుడగలు అలాగే ఉండిపోయాయి. ఆ గుల్లల్లోకి నీరు చేరి, తనతో తెచ్చిన సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే, పొరలుగా పేర్చింది. అలా పుట్టింది మీ తేనె రాయి.

అయితే దాన్ని పొదువుకున్న ఆ నల్లరాయి ఏమైంది? ఎండకు, వానకు పొడిపొడిగా రాలి నల్లమట్టి అయింది. గట్టిగా ఉన్న అగేట్ మాత్రం గులకరాయిలా మిగిలింది. ఆ నల్లమట్టి కూడా కృష్ణలోనే వచ్చింది. తెనాలిలో, గుడివాడలో వరి పండే నల్లరేగడిలో మహారాష్ట్ర కొండలు కలిసి ఉన్నాయి. మీరు మొన్న తిన్న పులిహోర ఆ మట్టిలో పండిన బియ్యమే.

నది అంటే నీళ్లని మనం అనుకుంటాం. పుస్తకాల్లో కూడా కృష్ణ పొడవు 1,400 కిలోమీటర్లు అని రాసి ఊరుకుంటారు. కానీ నది చేసే పనిలో సగం మోత పని. కొండను రాయి చేసి, రాయిని ఇసుక చేసి, ఇసుకను మట్టి చేసి సముద్రం దాకా మోసుకెళ్తుంది. విజయవాడ నుంచి దివిసీమ దాకా ఉన్న నేలంతా అలా మోసుకొచ్చి పరిచిందే.

ఇది ఊహ కాదు. డెల్టాలో సముద్రానికి దూరంగా, పొలాల మధ్య పొడవాటి ఇసుక దిబ్బలు వరసలుగా కనిపిస్తాయి. కొన్ని ఊళ్లు ఆ దిబ్బల మీదే ఉన్నాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. వాటిలో దొరికే గవ్వలను కార్బన్ పరీక్ష చేస్తే వాటి వయసు తెలుస్తుంది. ఇసుకనే అడిగే పద్ధతి ఇంకోటుంది. ఇసుక రేణువు ఎండలో ఉన్నంతసేపూ ఖాళీ డబ్బాలా ఉంటుంది. చీకట్లో పూడిపోయిన నాటి నుంచి చుట్టూ ఉన్న మట్టిలోని రేడియో ధార్మికత నుంచి వచ్చే శక్తిని కొంచెం కొంచెంగా దాచుకుంటుంది. ప్రయోగశాలలో దాని మీద వెలుతురు వేస్తే, దాచుకున్నదంతా చిన్న మెరుపుగా బయటపెడుతుంది. ఆ మెరుపును కొలిచి, ఆ రేణువు చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో చెబుతారు. అందుకే ఆ ఇసుకను గొట్టంలోకి వెలుతురు సోకకుండా తీస్తారు. ఇలాంటి లెక్కలన్నీ కూడితే తేలిందేమిటంటే, ఇప్పుడు సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న కొల్లేరు, దాదాపు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రం పక్కన ఉన్న ఉప్పునీటి మడుగు. మధ్యలోని నేలను కృష్ణా గోదావరులే పోశాయి.

ఇప్పుడు ఆ మోత ఆగిపోతోంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే అనుకోండి. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టల దగ్గర నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు మట్టిని మోయలేదు, కిందికి దించేస్తుంది. ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీశారు. 1966-69 మధ్య కృష్ణ ఏడాదికి 90 లక్షల టన్నుల మట్టి డెల్టాకు తెస్తే, 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మట్టి రాకపోతే అలలు ఒడ్డును తింటాయి. పాత తీరపు గీత మీద కొత్తది పెట్టి చూస్తే, 1965 నుంచి 2008 దాకా కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో కలిపి 76 చదరపు కిలోమీటర్ల నేల పోయిందని తేలింది. ఆనకట్టలు వద్దనడం లేదమ్మా. సాగర్ నీళ్లు లేకపోతే మా నాన్నగారి పొలం పండేది కాదు, నేను చదువుకునేదాన్నీ కాదు. కానీ నీటి లెక్క రాసినంత శ్రద్ధగా మట్టి లెక్క కూడా రాయాలి.

ఎందుకంటే ఆ మట్టి మీద బతికేవాళ్లు మనమొక్కళ్లమే కాదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి, అభయారణ్యం కూడా ఉంది. అక్కడ చేపలు పట్టి బతికే పిల్లి ఒకటుంది. కొందరు నీటిపిల్లి అంటారు, కొందరు బావురుపిల్లి అంటారు. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది. వేళ్ల మధ్య కొంచెం పొర ఉంటుంది, నీళ్లలోకి దూకి మునిగి మరీ చేపను పడుతుంది. రాత్రిపూట తిరిగే జంతువు, మనిషి అలికిడికే మాయమైపోతుంది. మరి దాన్ని లెక్కపెట్టడం ఎలా? అది నడిచే దారిలో చెట్టుకు కెమెరా కడతారు. ఎదురుగా వేడి ఉన్న ప్రాణి కదిలితే అదే ఫోటో తీసుకుంటుంది. ఏ రెండు పిల్లులకూ ఒంటి మీద మచ్చలు ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. మచ్చలు పోల్చి ఇది నిన్నటి పిల్లా, కొత్తదా అని తేలుస్తారు. మడ చెట్టు వేరు పట్టాలంటే బురద కావాలి, ఆ బురద పైనుంచే రావాలి.

వరద గురించి కూడా బుజ్జి అడిగింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలను కూడా దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. బ్యారేజీ పూర్తిగా నిండితే పట్టేది 3 టీఎంసీల పైచిలుకు. ఆ రోజు వచ్చిన వేగంతో అది ముప్పావు గంటలో నిండిపోతుంది. గుణించి చూసుకోండి, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మన కృష్ణలంకను కట్ట గోడ కాపాడింది. కానీ సింగ్‌నగర్‌లో మీ చిన్నమ్మమ్మ ఇంట్లో నడుము లోతు నీళ్లు. అవి కృష్ణ నీళ్లు కావు, బుడమేరువి. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే వాగు. దాన్ని కాలువ తవ్వి కృష్ణలోకి మళ్లించారు. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఆ నీళ్లు లోపలికి పోలేవు. గట్లు తెగితే పాత దారే పడతాయి. సింగ్‌నగర్ అంత చదునుగా ఎందుకుందో తెలుసా? వెనకటి వరదలు మట్టి తెచ్చి పరిచాయి గనుక. ఆ నేల ఎలా పుట్టిందో ఇళ్లు కట్టకముందే అడగాల్సింది. మీ చిన్నమ్మమ్మ పెళ్లి ఫోటోలన్నీ ఆ బురదలో పోయాయి.

ఇక మీకొక పని. ఆగస్టులో కృష్ణకు ఎర్రనీరు వస్తుంది. అప్పుడు రండి. అయితే నీళ్ల దగ్గరికి మీరు దిగొద్దు, మామయ్య తాడు కట్టిన చెంబుతో తోడిస్తాడు. ఒకే సైజు సీసాలు కొన్ని, లోపలిది బయటికి కనిపించేవి, తీసుకురండి. వరద వచ్చిన మొదటి రోజు ఒకటి, తర్వాత వారానికొకటి నింపుదాం. కదపకుండా రెండు రోజులుంచితే మట్టి అడుక్కు దిగుతుంది. స్కేలుతో దాని మందం కొలిచి నోటుబుక్కులో రాద్దాం. మొదటి వారం ఎక్కువా, చివరి వారమా? గేట్లు ఎక్కువ ఎత్తిన రోజు ఎంత? వచ్చే ఏడు మళ్లీ కొలిస్తే ఎలా ఉంటుంది?

మీ నాలుగు రాళ్లూ కడిగి మళ్లీ సీసాలో వేసి కిటికీలోనే పెట్టాను. తేనె రాయి మీద పొద్దున్నే ఎండ పడుతోంది.

అన్నట్టు, నీళ్లు నింపిన ప్రతి సీసా మీదా తేదీ, టైము రాయాలి. చెరగని స్కెచ్ పెన్ను మీ దగ్గర ఉంటే తెచ్చుకోండి, ఇక్కడున్నది ఎండిపోయింది.

ముద్దులతో,
మీ అమ్మమ్మ