పాత టోపోషీట్లలో మన్యం, కోనసీమ: అపోహలు - వాస్తవాలు

పాత టోపోషీట్లను (కొండలు, నదులు, ఊళ్లు చూపే సర్వే మ్యాపులను) స్కాన్ చేసి నేటి జీపీఎస్ లెక్కలకు సరిపెట్టడం రాజమండ్రిలో నా పని. పాపికొండలు 65 జి నంబరు షీట్లలో, కోనసీమలోని రాజోలు 65 హెచ్‌లో వస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: పాత మ్యాప్‌ను గూగుల్ మీద వేస్తే గట్టు పక్కకు పోయింది, అంటే గోదావరి మా లంకను కోసేసింది.

కోసి ఉండొచ్చు, లంకలకు అది కొత్త కాదు. కానీ ముందు చూడాల్సింది కొండను. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వేసిన ఒక పాత లెక్క)తో గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే మరో లెక్క. మార్పిడి చేయకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మన వైపు వంద మీటర్లకు మించి తేడా వస్తుంది. పాపికొండల షీట్లలో శిఖరం మీద చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు వేసి ఉంటే అది ట్రయాంగులేషన్ స్టేషన్, అంటే త్రిభుజాలు కట్టి కచ్చితంగా కొలిచిన బిందువు. ఆ శిఖరం కూడా అంతే దూరం, అదే దిక్కుకు జరిగి కనిపిస్తే తప్పు లెక్కది, నదిది కాదు. కొండ కుదిరాక కూడా గట్టు కుదరకపోతే అప్పుడు కోత గురించి మాట్లాడుకుందాం. కోనసీమలో కొండ ఎక్కడ దొరుకుతుంది? పాత గుడి గోపురమో, కాలువ లాకో వెతుక్కుంటాం.

కోనసీమ షీట్లలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) లేవేంటి, సర్వే ఎగ్గొట్టారా అని కూడా అడుగుతారు. 1:50,000 స్కేలు షీటులో సాధారణంగా 20 మీటర్లకు ఒక గీత. అంత ఎత్తు నేల అక్కడ ఉంటేగా!

అపోహ: మన్యంలో ప్రతి వంపూ నడిచి కొలిచారు.

ప్లేన్ టేబుల్ (పొలంలోనే నిలబెట్టి మ్యాపు గీసే బల్ల) రోజుల్లో ఎత్తైన చోట నిలబడి కనిపించిన బిందువులు పట్టుకునేవారు. మధ్యలో కాంటూర్లను చాలావరకు కంటి అంచనాతో కలిపేవారు. అందుకే శిఖరాన్ని నమ్ముతాను, చెట్ల కింద వాగు మలుపును అంతగా నమ్మను. పైగా జ్వరాలు. ఆ గోళాభానికి పేరిచ్చిన సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్ అంతటివాడే కృష్ణా, గోదావరి మధ్య అడవుల్లో జ్వరపడి, 1820లో కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్లాడు.

అపోహ: 'ఆర్.ఎఫ్.' (రిజర్వు ఫారెస్ట్) హద్దు లోపలంతా అప్పట్లో చిక్కటి అడవే.

అది 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలైన రిజర్వు హద్దు. లోపల పోడు ఉండొచ్చు, బోడి రాయీ ఉండొచ్చు. చెట్లు ఉన్నాయో లేదో చెప్పేది ఆకుపచ్చ రంగు, అదీ సర్వే జరిగిన ఏడాదికే. కింద మార్జిన్‌లో సర్వే సంవత్సరం, అచ్చు సంవత్సరం వేర్వేరుగా ఉంటాయి. అందరూ అచ్చుదే చెబుతారు.

ఇక పొలం గట్టు తగాదాకు టోపోషీటు పట్టుకొచ్చేవాళ్లకు: 1:50,000 షీటులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఎఫ్.ఎం.బి. (పొలం కొలతలు ఉండే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకలు తీసుకుని రండి.