పొగ వచ్చినా ఆగని కంప్యూటర్

బుజ్జీ, చిన్నా, ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు బెంగళూరు వెళ్లి పది రోజులైంది. నా గదిలో బల్ల మీద బీబీసీ మైక్రో అనే ఆ పాత కంప్యూటర్ మూత తీసి అలాగే ఉంది. నిన్న ఫోన్‌లో బుజ్జి మళ్లీ అదే అడిగింది: "తాతయ్యా, అంత పొగ వచ్చింది కదా, మరి కంప్యూటర్ ఎందుకు ఆగిపోలేదు?" ఆ రోజు ప్లగ్గు పీకే హడావుడిలో నేను జవాబు చెప్పలేదు. మంచి ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు మాట దాటేయకూడదు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు ఒకసారి గుర్తు చేసుకోండి. శ్రావణ మాసం, మూడు రోజులుగా ముసురు. బట్టలు ఆరడం లేదని అమ్మమ్మ హాల్లో ఫ్యాను కింద తాడు కట్టింది. మీకు చూపించాలన్న ఆత్రంతో నేను ఆరు నెలలుగా ముట్టుకోని ఆ యంత్రాన్ని తీసి, దుమ్ము దులిపి, స్విచ్ వేశాను. "బూ..." అని లావు గొంతు, వెంటనే సన్నగా "బీప్". చిన్నా రెండు లైన్లు కొట్టాడు. మొదటి లైన్‌లో తన పేరు ప్రింట్ చేయమన్నాడు, రెండో దాంట్లో మళ్లీ మొదటి లైన్‌కి పొమ్మన్నాడు. పేరు ఒకదాని కింద ఒకటి, తెర నిండా పరుగు. పది నిమిషాలకి 'టప్' మని చప్పుడు, పెట్టెలోంచి తెల్లటి పొగ, కాలిన కాగితం కాలిన ప్లాస్టిక్ కలిసిన వాసన. గది నిండా పొగ కమ్ముకుంటున్నా చిన్నా పేరు మాత్రం ఆగకుండా పైకి పోతూనే ఉంది.

సరే, అసలు సంగతికి వస్తాను. అమ్మమ్మ ఆవకాయ జాడీ తెలుసుగా? పింగాణీది, మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉంటుంది. లోపల ముక్క, పైన నాలుగు వేళ్ల లోతు నూనె. తడి గరిటె పెడితే అమ్మమ్మ ఊరుకోదు. ఎందుకంటే జాడీలోకి ఒక్క చుక్క నీరు పోయినా బూజు పడుతుంది. కంప్యూటర్‌లో కెపాసిటర్లనే చిన్న చిన్న వస్తువులుంటాయి. వాటిని జాడీలనుకోండి. జాడీలో పచ్చడి నిలవ ఉన్నట్టు వాటిలో కాస్త కరెంటు నిలవ ఉంటుంది.

ఆ రోజు పేలిన జాడీని కోసి చూశాను. అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. పైన తేనె రంగు గట్టి పూత, లోపల చుట్టలా చుట్టిన పలచటి కాగితం, దాని మీద అంతకంటే పలచటి లోహపు పొర. రెండు వైపుల కరెంటూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా మధ్యలో ఆ కాగితం అడ్డం నిలబడుతుంది. దాని పని అంతే. కానీ నలభై ఏళ్లలో ఆ పై పూత మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. పాత జాడీ మెరుగు మీద సాలెగూడులా గీతలు పడతాయి చూడండి, అచ్చం అలాగే. ముసురు పట్టిన గాలిలోని తేమ ఆ పగుళ్లలోంచి లోపలికి దూరింది. కాగితం దాన్ని పీల్చుకుంది. తడిసిన కాగితం ఇక అడ్డం నిలబడలేదు. 230 వోల్టుల కరెంటు దానిలోంచి పారింది, కాగితం వేడెక్కింది, కాలింది. అంటే తడి గరిటె పెట్టింది వాన, స్విచ్ వేసింది నేను.

మరి కంప్యూటర్ ఎందుకు ఆగలేదు? ఎందుకంటే పేలింది వంటింటి జాడీ కాదు. వీధి గుమ్మం పక్కన పెట్టిన జాడీ. మిక్సీ వేస్తే పాత టీవీలో గీతలొచ్చేవని అమ్మ చెప్పే ఉంటుంది. కరెంటు తీగల వెంట అలాంటి గలాటా ఎప్పుడూ వస్తూ పోతూ ఉంటుంది. దాన్ని గుమ్మం దగ్గరే మింగేయడం ఈ కెపాసిటర్ పని. లోపలి గలాటా బయటికి పోయి పక్కింటి రేడియోలో గరగరమనకుండా చూడడం కూడా దానిదే. గుమ్మం దగ్గర జాడీ పగిలితే గడప పాడవుతుంది గానీ వంట ఆగదు. లోపల ఇంకో రకం జాడీలున్నాయి, నిలువుగా చిన్న డబ్బాల్లా ఉంటాయి. వాటిలో తడి ఉండాలి. ఏళ్లు గడిచే కొద్దీ అది ఆరిపోతుంది, నూనె ఇంకిపోయిన ఆవకాయలాగా. అవి పోతే మాత్రం వంట నిజంగానే ఆగుతుంది.

ఇదంతా నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మా మేనమామ చెప్పాడు. కృష్ణా జిల్లాలో మా ఊళ్లో రేడియోలు బాగుచేసేవాడు ఆయనొక్కడే. అప్పటి వాల్వు రేడియో స్విచ్ వేయగానే పలికేది కాదు. లోపల గాజు బుడ్లు ఎర్రబడి వేడెక్కాలి, అప్పుడు గానీ ఆకాశవాణి విజయవాడ కేంద్రం గొంతు విప్పేది కాదు. వానాకాలంలో ఎవరైనా రేడియో తెస్తే మామయ్య వెంటనే ప్లగ్గు పెట్టేవాడు కాదు. వెనక అట్ట తీసి, అరుగు మీద పొద్దుటి ఎండలో పెట్టేవాడు. మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. నాకు పదేళ్లప్పుడు ఒకసారి ఆయన భోజనానికి లేచాడు, నేను ఆగలేక స్విచ్ వేశాను. కాసేపటికి అడుగున మైనం కరిగి బొట్లు బొట్లుగా కారింది. ఆ రోజుల్లో కెపాసిటర్ కాగితాన్ని మైనంలో ముంచి చుట్టేవారు. తేమ దూరితే అదీ ఇలాగే వేడెక్కేది. మామయ్య తిట్టలేదు. కారిన మైనం నా అరచేతిలో పెట్టి, "ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టు, అప్పుడు అన్నం తిందువుగాని" అన్నాడు. కనిపెట్టడానికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఆయన కూడా విస్తరి ముందు కూర్చోలేదు.

అంత నేర్చుకున్నవాణ్ణి, అరవై అయిదేళ్ల వయసులో మళ్లీ అదే తొందర పడ్డాను. మీరు పడకండి. పాత యంత్రం చేతికి రాగానే ప్లగ్గు పెట్టాలనిపిస్తుంది. ఆ ఒక్క రోజు ఓర్చుకోండి. ముందు విప్పాలి, చూడాలి, వాసన చూడాలి, ఆ తర్వాతే కరెంటు. యంత్రం లోపలి కరెంటు పెట్టె జోలికి మాత్రం పెద్దవాళ్లు లేకుండా అసలు వెళ్లకండి. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి జాడీల్లో కరెంటు నిలవ ఉంటుంది. నేనే రెండు రోజులు ఆగి ముట్టుకున్నాను.

ఈ యంత్రం మన ఇంటికి ఎలా వచ్చిందో చెప్పనేలేదు కదూ. 1981 డిసెంబరులో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎకార్న్ అనే కంపెనీ దీన్ని విడుదల చేసింది. జనానికి కంప్యూటర్ నేర్పించాలని బీబీసీ వాళ్లు పెట్టుకున్న పథకం కోసం తయారైంది కాబట్టి ఆ పేరు. 1984-85లో మన కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి, దేశమంతటా సుమారు 250 బడులకు ఈ యంత్రాలే పంపింది. నేను కొత్తగా లెక్కల మాష్టారుగా చేరిన బడి వాటిలో ఒకటి. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. ఒక్కో యంత్రం ముందు నలుగురు పిల్లలు. ప్రోగ్రామ్‌లు టేపు క్యాసెట్లలో ఉండేవి. పెద్దది ఎక్కాలంటే ఐదారు నిమిషాలు కీచుకీచుమని చప్పుడు. టేప్ రికార్డర్ సౌండు కాస్త ఎక్కువైనా తక్కువైనా మళ్లీ మొదటికే. ఆ ఐదు నిమిషాలూ నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. నా ఉద్యోగం మొత్తంలో అంత నిశ్శబ్దం ఇంకే క్లాసులోనూ చూడలేదు. ఏళ్ల తర్వాత ఆ గది ఖాళీ చేస్తుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

దీని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. చిన్నా ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా ఇందులో పట్టదు. "మరి దీంతో పనేముంది?" అని ఆ రోజు చిన్నా అడిగాడు కూడా. పని గురించి కాదు గానీ చుట్టరికం గురించి ఒకటి చెప్తాను, విను. దీనిలో నువ్వు కొట్టిన బేసిక్ భాష రాసింది సోఫీ విల్సన్. యంత్రం రూపకల్పనలో ఆమెతో పాటు పనిచేసింది స్టీవ్ ఫర్బర్. ఆ తర్వాత ఆ ఇద్దరూ కలిసి ఆర్మ్ అనే కొత్త చిప్‌కి రూపం ఇచ్చారు. అది ఎలా నడవాలో సోఫీ ముందుగా ఈ బీబీసీ మైక్రో మీదే, ఈ బేసిక్‌లోనే రాసి చూసుకుంది. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్ చేతికొచ్చింది. దాన్ని కూడా బీబీసీ మైక్రోకే తగిలించి పరీక్షించారు. చక్కగా పనిచేసింది. ఎంత కరెంటు తింటోందో చూద్దామని మీటరు పెడితే సున్నా చూపించింది. మీటరు పాడైందా అని వెతికితే తేలిందేమిటంటే, బోర్డు మీద చిప్‌కి కరెంటు ఇచ్చే దారి అసలు కలవనే లేదు! పక్క తీగల్లో సిగ్నళ్ల నుంచి కారే కొద్దిపాటి కరెంటుతోనే అది లెక్కలు చేస్తూ కూర్చుంది. పక్కింటి పోపు వాసనతో కడుపు నింపుకున్నట్టు.

అలా ఎలా సాధ్యం? కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లని, మరొకటని చెప్పొచ్చు. కానీ నాకు అది చదివిన ప్రతిసారీ వివరం కంటే ఆశ్చర్యమే ఎక్కువ మిగులుతుంది. మీ జేబుల్లో ఉన్న ఫోన్లలో ఇవాళ తిరుగుతున్నది ఆ చిప్ సంతతే. రోజంతా బ్యాటరీ నిలబడుతోందంటే దానికి చిన్నప్పటి నుంచీ ఉన్న ఆ కొద్ది తిండి అలవాటు కూడా ఒక కారణం. బల్ల మీద పొగ వదిలిన ఈ ముసలి యంత్రం నీ ఫోన్‌కి అమ్మమ్మ వరస, చిన్నా.

మొన్న ముసురు విడిచాక కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీలో ఎక్స్2 రకం, అంటే గుమ్మం పక్కన నిలబడే రకం కెపాసిటర్లు అడిగితే కొట్టబ్బాయి గుప్పెడు తీసి కాగితం మీద పోశాడు. ఇప్పుడవి కాగితంతో కాదు, ప్లాస్టిక్ పొరతో చేస్తారు. తేమకి అంత తొందరగా లొంగవు. పాత టంకం కరిగించి, కాలినదాన్ని పీకి, కొత్తది నిలబెట్టి టంకం పెట్టడానికి గంట పట్టింది. అలాంటిదే రెండో కెపాసిటర్ ఇంకా పేలలేదు గానీ దాని మీదా సాలెగూడు గీతలున్నాయి, అదీ మార్చాను. పసుపు పట్టిన పై మూతకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, డాబా మీద వడియాల పక్కన ఎండలో పెట్టాను. ఏళ్ల తరబడి పసుపు పట్టించేదీ వెలుతురే, ఆ మందు తోడైతే తెల్లబరిచేదీ వెలుతురే. చేతులకు గ్లౌజులు వేసుకోమని అమ్మమ్మ కేకలేసింది, వేసుకున్నాను.

ఇంకో పని మీ కోసం ఆపాను. రాస్‌ప్‌బెర్రీ పై జీరో అని అరచేతిలో సగం ఉండే కంప్యూటర్ ఒకటి కొన్నాను. దానిలో ఉన్నదీ ఆర్మ్ చిప్పే. బీబీసీ మైక్రో అడుగున ట్యూబ్ అనే సాకెట్ ఉంది, రెండో మెదడు తగిలించుకోవడానికి అప్పట్లోనే పెట్టినది. మధ్యలో ఒక చిన్న బోర్డు పెట్టి ఈ పై జీరోని అక్కడ కలిపితే మనవరాలు వెళ్లి అమ్మమ్మకి లెక్కలు చేసిపెడుతుంది. దసరా సెలవుల్లో మీరు వచ్చాకే కలుపుదాం. మూత బిగించే నాలుగు మరలూ మీ చేతికే ఇస్తాను. అవి పట్టే చోట పెట్టె మీద 'ఫిక్స్' అని రాసి ఉంటుంది, వెతకండి.

ఈలోగా ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో అటక మీద నాన్న పాత టేప్ రికార్డర్ ఉందిగా, నాన్ననే దించమనండి. ప్లగ్గు పెట్టొద్దు, విప్పొద్దు. లైటు ఆర్పి, వెనక చీలికల్లోంచి టార్చి వేసి లోపలికి చూడండి. నిలువు డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటి నెత్తి చదునుగా ఉందా, ఉబ్బిందా చూడండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూడండి. కనిపించినదంతా బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య